పై పోర్షన్‌కి పాత తీగ
సైదాబాద్ కాలనీల్లో ఇళ్ల మీద అంతస్తులు లేచినంత తేలిగ్గా వాటి వైర్లు మాత్రం లావెక్కలేదు. కింద మీటరు, పైన అద్దెకిచ్చిన పోర్షన్‌లో ఓ చిన్న డీబీ, రెంటికీ మధ్య ఎప్పుడో ఫ్యాన్లకీ ట్యూబ్‌లైట్లకీ లాగిన 4 ఎస్‌క్యూ ఎంఎం రాగి తీగ. ఇప్పుడు దాని మీదే టన్నున్నర ఏసీలు రెండు, 2 కిలోవాట్ల గీజరు, ఇండక్షన్ పొయ్యి. అన్నీ ఒక్కసారి నడిస్తే 7 కిలోవాట్లు దాటుతాయి, 230 వోల్టుల దగ్గర 30 ఆంపియర్ల పైమాటే. గోడలో పైపులో వేడెక్కే ఆ తీగకి పాతిక దాటితే కష్టం. ఎంసీబీ ఊరికే పడిపోతుంటే "ఇంకాస్త పెద్దది వేసెయ్ అన్నా" అంటారు ఓనర్లు. ఎలక్ట్రీషియన్ కన్నా వాళ్లదే తప్పంటాను. ఎంసీబీ ఉన్నది తీగని కాపాడ్డానికి, ఏసీని కాదు. 25 తీసి 40 పెట్టడమంటే ఫ్యూజులో లావు తీగ చుట్టిన పాత తెలివే, కాకపోతే తెల్ల డబ్బాలో అందంగా కనిపిస్తుంది. గ్రానైట్‌కి బేరమాడని వాళ్లు కూడా 10 ఎస్‌క్యూ ఎంఎం ఫీడరు, దానితోపాటు ఎర్తు తీగ అనేసరికి లెక్కలు తీస్తారు. పైపు సన్నదైతే గోడ కొట్టాల్సిందే, నిజమే. కొట్టించండి, అద్దె పెంచేటప్పుడు ఎలాగూ ఆ ఖర్చే చెబుతారు. మీటరు మీద మంజూరైన లోడు కూడా అప్పుడే పెంచుకోండి.