అమ్మాయి పిస్టల్, అమ్మ కంగారు

ఈ వారం పచ్చళ్ళ సంగతి పక్కన పెట్టి మా ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. కాస్త ఓపిగ్గా వినండి.

మా చిన్నది హైదరాబాదులో డిగ్రీ చదువుతూ పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటోంది. సెలవులకి ఖానాపూర్ వస్తూ పిస్టల్‌ని పెట్టెతో సహా తెచ్చింది. మూత తీసిందో లేదో మా అత్తమ్మ అందుకుంది: "ఆడపిల్ల చేతికి తుపాకేందే? రేపు సంబంధాలు వచ్చేటోళ్ళు ఏమంటరు?" నిజం చెప్పొద్దూ, నాకూ లోపల దడగానే ఉంది.

"ఇది మందుగుండుతో పేలేది కాదు నానమ్మా, గాలితో కొట్టేది" అని మా అమ్మాయి నచ్చజెప్పింది. సిలిండర్లో బిగించిన గాలి 4.5 మిల్లీమీటర్ల చిన్న సీసపు గుండుని ముందుకి తోస్తుంది. పది మీటర్ల దూరంలో టార్గెట్. అందులో పది పాయింట్లు వచ్చే నడిమి గుండ్రం అడ్డం 11.5 మిల్లీమీటర్లే, అంటే చొక్కా గుండీ అంత! ఒంటి చేత్తో పట్టుకుని, 75 నిమిషాల్లో 60 గుండ్లు కొట్టాలి. మొత్తం 600 పాయింట్లు.

గాలిదే కదా అని ఆటబొమ్మ అనుకోకండి. కంటికి తగిలితే కన్ను పోతుంది. అందుకే మా ఇంట్లో ముందుగా వచ్చినవి కట్టుబాట్లు. గొట్టం ఎప్పుడూ మనిషి వైపు తిప్పకూడదు. కొట్టేటప్పుడు తప్ప ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. పని కాగానే గొట్టంలో రంగు తాడు దూర్చాలి, అది కనబడితే లోపల గుండు లేదని అందరికీ తెలుస్తుంది. పెట్టె బీరువాలో, తాళం నా కొంగున.

పిస్టల్ కొత్తది కొనాలంటే లక్ష పైమాటే. మేము ఒక సీనియర్ అమ్మాయి వాడినది తీసుకున్నాం. తొలి పోటీకి నెల రోజులుందనగా దాన్ని సిద్ధం చేయడం మొదలైంది. చూస్తుంటే పెళ్ళి వంటకి సరంజామా సర్దినట్టే ఉంది.

మొదట చెక్క పిడి. పాత యజమాని చేతికి కుదిరింది మా పిల్ల చేతికి వదులయింది. కోచ్ చెప్పినట్టు ఎత్తుగా ఉన్నచోట గరుకు కాగితంతో రుద్దింది, పల్లంగా ఉన్నచోట చెక్క పుట్టీ పెట్టి ఆరబెట్టింది. మన నిర్మల్ బొమ్మల వాళ్ళు పొనికి చెక్కని చెక్కుతూ, అతుకులు పూడుస్తూ కూర్చుంటారే, అచ్చం అలాగే! ఒక్కరోజులో అయ్యే పని కాదు. కొంచెం రుద్దడం, పట్టుకు చూడడం, మళ్ళీ రుద్దడం. పిడి మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదనీ, పిస్టల్ మొత్తం బరువు కిలోన్నర దాటకూడదనీ రూలు.

రెండోది గాలి సిలిండర్. మన వంట గ్యాసు సిలిండర్ మీద తేదీ గుర్తు ఉంటుంది కదా, దీని మీదా ఉంటుంది. ఆ గడువు చూసుకునే బాధ్యత ఆడేవాళ్ళదే. మూడోది గుండ్లు. ఒక్కో డబ్బా గుండ్లు ఒక్కోలా తగులుతాయి. అందుకని రెండు మూడు రకాలు కొట్టి చూసి, గుండ్లన్నీ దగ్గర దగ్గరగా పడిన రకమే పోటీకి పెట్టుకుంది.

ఇక్కడ తల్లులకి ఒక మాట. గుండ్లు సీసం. చేతికంటిన సీసం తిండితో కడుపులోకి పోతే ఒంటికి మంచిది కాదు. ప్రాక్టీసు అయ్యాక సబ్బుతో శుభ్రంగా చేతులు కడిగాకే టిఫిన్ డబ్బా ముట్టుకోనివ్వండి. చున్నీకి తుడుచుకుంటే చాలదు.

నాలుగోది గురి చూసే పట్టీ, అంటే సైటు. దాన్ని ఎటు ఎన్ని క్లిక్కులు తిప్పిందో మా అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గుండు లేకుండా, తెల్లగోడ వైపు పిస్టల్ ఎత్తి, మెల్లగా ట్రిగ్గర్ నొక్కడమే సాధన. సైటు కదలకుండా వేలొక్కటే కదలాలట.

అంతా సవ్యంగా జరిగింది. జరగనిది పోటీ ముందు రాత్రి.

"ట్రిగ్గర్ కొంచెం గట్టిగా ఉన్నట్టుంది నాన్నా" అందట పిల్ల. మా వారికి చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే ఆగరు. మిక్సీ బాగుచేసినట్టే స్క్రూ కాస్త తిప్పారు. "ఆహా, వెన్నలా ఉంది" అనుకున్నారు తండ్రీ కూతుళ్ళు. నేనూ పక్కనే చపాతీలు చుడుతూ ఉన్నాను, వద్దనలేదు.

పొద్దున పోటీ దగ్గర పిస్టల్ తనిఖీ. ట్రిగ్గర్‌కి 500 గ్రాముల తూకం తగిలించి పైకెత్తుతారు. తూకం పైకి లేవాలి, ట్రిగ్గర్ మాత్రం జారకూడదు. మా వాళ్ళది ఎత్తగానే 'టిక్' మంది! పిల్ల ముఖం తెల్లబోయింది. అదృష్టం కొద్దీ సరిచేసుకునే వీలిచ్చారు. స్క్రూ బిగించి మళ్ళీ చూపించారు, పాసయింది. కానీ అప్పటికి కొట్టాల్సిన వేలు వణుకుతోంది. ట్రిగ్గర్ ఎంత నొక్కితే పడుతుందో గుర్తు తప్పింది. ప్రాక్టీసులో 540 దాటే పిల్లకి ఆరోజు వచ్చింది 521.

బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. మా వారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. చివరికి నిర్మల్ దాటాక పిల్లే అంది: "నాన్న తప్పు కాదమ్మా. అడిగింది నేనే కదా."

ఎంతటి వాళ్ళకైనా సామాను మొండికేస్తే కష్టమే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. దాన్ని బాగుచేసుకునేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానం వచ్చింది, రెండు పాయింట్లలో ఫైనల్ తప్పిపోయింది. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో ఎయిర్ పిస్టల్‌లోనే రెండు కంచు పతకాలు తెచ్చింది. మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ 13 ఏళ్ళకే, 2018లో, జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక బంగారంతో సహా నాలుగు పతకాలు గెలిచింది. ఈ కథలు చెప్పాకే మా పిల్ల అన్నం ముద్ద నోట్లో పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త కట్టుబాటు. పోటీకి వారం ముందే ట్రిగ్గర్ తూకం కోచ్ దగ్గరే చూపించాలి. 500 మీద పది ఇరవై గ్రాములు ఎక్కువే ఉంచాలి. ఆ తర్వాత ఏ స్క్రూ ముట్టుకోకూడదు. పెళ్ళి రోజున కొత్త వంట ప్రయోగం చేస్తామా? ఇదీ అంతే. ముందు రోజు చేయాల్సింది సర్దుకోవడమే: గుండ్ల డబ్బా, రంగు తాడు, నోటుపుస్తకం, చీలమండ ఎముక కప్పని చదును బూట్లు, గుర్తింపు కార్డు, మంచినీళ్ళు, చిన్న సబ్బు.

వచ్చే నెల రెండో పోటీ. స్క్రూడ్రైవర్ మా వారే తెచ్చి నా చేతికిచ్చారు, బీరువాలో పెట్టమని. మా అత్తమ్మ అయితే నిన్న ఫోన్లో మనవరాల్ని అడుగుతోంది: "ఇయ్యాల ఎన్ని పదులు తగిలినయే బిడ్డా?"