ముదుసలి తలదెబ్బయు, మన పంట అప్పును

పంట అప్పు గడువు దాటుటకు కారణములు వెదకునపుడు మనము వానను, పురుగును, ధరను చెప్పుకొందుము. ఆసుపత్రి ఖర్చును చెప్పము. అందును వృద్ధుల తలదెబ్బను బొత్తిగా తలంపము.

వయసు మళ్లినకొలది మెదడు కొంత కుంచించుకొనిపోవును. పుఱ్ఱెకును దానికిని నడుమ ఎడము పెరిగి, అచ్చట సాగియుండు సన్నని రక్తనాళములు చిన్నదెబ్బకే తెగును. గడప తగిలి పడినను, కల్లములో జారినను చాలును. ఒక్కొక్కప్పుడు దెబ్బ తగిలినదన్న జ్ఞాపకమే యుండదు. నెత్తురు మెదడు పైపొర క్రింద మెల్లగా చేరి, మూడు వారములకో, రెండు నెలలకో తలనొప్పి, నడకలో తూలుడు, ఒకవైపు చేయి పట్టుతప్పుట, మాట తడబాటు, పగలెల్ల మత్తు కనబడును. దీనిని వైద్యులు క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా యందురు. మెదడు శస్త్రవైద్యులు తరచుగా చూచు వ్యాధులలో ఇది యొకటి. మన యిండ్లలో మాత్రము ముసలి చాదస్తమనియో, పక్షవాతమనియో, గాలి సోకినదనియో పేరు పెట్టి, నాటుమందుతోను తాయెత్తుతోను నెల గడపుదురు. పక్షవాతమనుకొని తమంతట తామే ఆస్పిరిను మింగించువారును కలరు; నెత్తురు గడ్డకట్టకుండ జేయు ఆ బిళ్ల ఇచ్చట కీడే చేయును.

చికిత్స మిక్కిలి పెద్దది కాదు. సి.టి. స్కానులో జబ్బు తెలియును. పుఱ్ఱెకు ఒకటి రెండు రంధ్రములు పెట్టి ఆ నల్లని ద్రవమును వెడలించెదరు. కావున అసలు ఖర్చు శస్త్రమున లేదు, దినములలో నున్నది. నడచుచు వచ్చిన రోగి సాధారణముగా కొలదిదినములలో ఇల్లు చేరును. స్మృతి దప్పి వచ్చినవాడు ఊపిరి యంత్రముపై వారములు పడియుండవచ్చును. ఆ మంచము సర్కారుదైనను, అన్నాళ్లు మరియొక రోగికి అందదు.

ద్రవము మరల చేరి రెండవసారి శస్త్రము చేయవలసివచ్చుటయు కద్దు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి వైద్యులు 2009లో ప్రకటించిన పరీక్షలో, శస్త్రము పిమ్మట రెండుదినములు సన్నని గొట్టము నుంచినవారిలో నూటికి 9 మందికే అది తిరుగబెట్టెను. గొట్టము లేనివారిలో 24 మందికి. ఆఱు నెలలలోని మరణములును సగమునకు తగ్గెను. గొట్టము ధర యెంత, రెండవ శస్త్రపు ధర యెంత! ఎండ్రకాయ బొక్క పూడ్చుటకు బద్ధకించి మడినీరంతయు పోగొట్టుకొను రైతు లెక్క యిది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు రెండు రాష్ట్రములలో వేర్వేరు పేళ్లతో నడచుచున్నది. అది గొప్ప మేలే. కాని తోడుపోయిన కొడుకు కూలిని, కోతకాలమున నిలిచిన పనిని ఏ పథకమును చెల్లింపదు. జబ్బు పేరు తెలియకమునుపు పట్టణమునకు పోవు బండి బాడుగయు, స్కాను రుసుమును చేతిలో లేకయే పలువురు ఆగిపోవుదురు. ఆ ఆలస్యమే తరువాత ఎద్దుల నమ్మించును.

కన్నడదేశపు సహకార సభ్యుల కొఱకు 2003లో నడక సాగించిన యశస్విని పథకమున మొదట మనిషికి సాలుకు 60 రూపాయలే చందా. మనమంత దూరము పోనక్కరలేదు. సంఘపు లాభములో కొంత తీసి, అరువది యేండ్లు దాటినవారి ప్రయాణమునకును, స్కానునకును వడ్డీలేని చేబదులుగా నుంచిన చాలునని నా అభిప్రాయము. పంట అప్పులే వసూలు కాకుండ ఇదేల యని కార్యదర్శులు అడుగుదురు. ఎద్దులమ్ముకొన్న సభ్యుని వద్ద పంట అప్పు ఎట్లు వసూలగునో వారే చెప్పవలెను. రాబోవు మహాసభకు ముందే ఈ తీర్మానము వ్రాతమూలకముగా పంపుడు. చేబదులు తీర్చు గడువును కోత తరువాతకు పెట్టుడు.