మిరప: ధర కన్నా ముందు నీటి లెక్క

యర్రగొండపాలెం: మిరప రేటు పడిపోయిన ప్రతి ఏటా నిందంతా గుంటూరు యార్డు మీదికే పోతుంది. వ్యాపారులు కూడబలుక్కున్నారనీ, ఎగుమతి గిరాకీ మందగించిందనీ, శీతల గిడ్డంగుల్లో పాత నిల్వలు పేరుకున్నాయనీ రైతులు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే బస్తా యార్డుకు చేరేనాటికే దాని ధరలో పెద్ద వాటా పొలంలో తేలిపోయి ఉంటుంది. ఎండ, వాన, బోరునీరు కలిసి కాయను మేలురకం చేస్తాయి, లేదా తాలు చేస్తాయి. తాలు కాయకు మేలురకం ధరలో సగం పలికితే గొప్ప.

మిరప నాజూకు పైరు. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి నిలిస్తే పూత రాలుతుంది. చేలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. వాన లేక పొడి వాతావరణం సాగితే తామర పురుగు చేరి ఆకు పైకి ముడుచుకుంటుంది. నల్లి పడితే కిందికి ముడుచుకుంటుంది. ముడత పడిన మొక్కకు కాపు తగ్గడమే కాక, వచ్చిన కాయ కూడా గిడసబారుతుంది. కాయ ఊరే వేళ తడి చాలకపోతే సైజు, బరువు రెండూ పోతాయి. కల్లంలో ఆరబోసిన కాయ తడిస్తే బూజు పట్టి రంగు చెడుతుంది.

ఇవి ఊహలు కావు. 2021లో నల్ల తామర పురుగు పూలలో చేరి తెలుగు జిల్లాల మిరప తోటలను దెబ్బతీసింది. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిగ్‌జాం తుపాను పైర్లను ముంచింది.

పశ్చిమ ప్రకాశం కష్టం వేరు. ఇక్కడ ముంపు కన్నా ఎద్దడి భయమే ఎక్కువ. మిరపకు బోర్లే ఆధారం. సెప్టెంబరులో నాటిన మొక్కకు చివరి కోతల దాకా తడి కావాలి. బోరుకు అసలు పరీక్ష సంక్రాంతి తర్వాతనే. నాటేనాడు రెండెకరాలకు పారిన బోరు ఫిబ్రవరిలో ఎకరానికే పారితే, రైతుకు మిగిలేది రెండెకరాల అప్పు, ఎకరం పంట. ఎకరాకు లక్ష రూపాయలు దాటే పెట్టుబడిలో కౌలు కూడా కలిస్తే ఆ అప్పు ఒక ఏడాదితో తీరేది కాదు.

అయినా సాగు విస్తీర్ణాన్ని నిర్ణయిస్తున్నది నిరుటి ధరే. 2023లో క్వింటాలు 20 వేలు దాటడంతో ఆశ పెరిగింది. 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రమే మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. ఇటువంటి పథకాలు ధరలోని లోటును కొంత పూడ్చవచ్చు. నీరందక తగ్గిన దిగుబడిని పూడ్చలేవు.

1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలకు 2024 మార్చిలో ప్రారంభోత్సవం జరిగింది. సొరంగం తెరిచినంత మాత్రాన చేను తడవదు. పిల్లకాలువల దాకా పనులు పూర్తి చేయించే బాధ్యత ప్రభుత్వానిది.

ఈలోగా రైతు చేతిలో ఉన్నది ఒక్కటే. గత ఫిబ్రవరిలో బోరు ఎంత భూమికి పారిందో అంత మేరకే మిరప నాటి, మిగిలిన చేలో కంది, జొన్న వంటివి వేసుకోవడం మేలు. అప్పిచ్చే కమీషన్ వ్యాపారి కూడా నిరుటి రేటు కన్నా ముందు బోరు సంగతి అడగాలి. తక్కువ నేలలో పండిన మంచి సరుకు మందీలోనూ అమ్ముడవుతుంది. తాలు బస్తా తేజీలోనూ మూలనే పడి ఉంటుంది.