ఉడుకు నీళ్ళు మేడ దిగి వచ్చేలోపు

అమ్మది హిందూపురం, కాబట్టి మా ఇంట్లో వేడి నీళ్ళని ఉడుకు నీళ్ళు అంటాం. అప్పది తుమకూరు, ఆయనకి అవే బిసి నీరు. పొద్దున ఏ భాషలో అడిగినా మా బచ్చలింటి కొళాయి ఇచ్చే జవాబు ఒకటే: ఇంకా రాలేదు, ఇంకాస్త పారబోయండి.

మత్తికెరెలో మూడంతస్తుల ఇంట్లో కింది వాటాలో అద్దెకి ఉంటున్నాం. మేడ మీద సోలార్ ట్యాంకు ఉంది. బెంగళూరులో ఏ మేడెక్కి చూసినా ఏటవాలుగా పడుకోబెట్టిన గాజు గొట్టాలు, వాటి తల మీద ఓ పీపా కనిపిస్తాయి కదా, అదే. 2007 నుంచి మన ఊళ్ళో ఒక కొలతకి మించిన కొత్త ఇంటికి కరెంటు కనెక్షన్ కావాలంటే సోలార్ వాటర్ హీటర్ ఉండాల్సిందే. పెట్టుకున్నవాళ్ళకి బెస్కాం వాళ్ళు యూనిట్‌కి 50 పైసల లెక్కన, నెలకి 50 రూపాయలు దాటకుండా బిల్లులో తగ్గిస్తూ వచ్చారు కూడా. మంచి రూలే. దేశంలో ఇంకే పెద్ద ఊళ్ళోనూ ఇన్ని సోలార్ ట్యాంకులు కనబడవని అందరూ అంటుంటే నాకూ గర్వంగానే ఉండేది, పోయిన డిసెంబరులో బకెట్టు పెట్టి కొలిచేదాకా.

మేడ మీద ట్యాంకు నుంచి మా కొళాయి దాకా గొట్టం మలుపులన్నీ కలిపి దాదాపు ఇరవై మీటర్లు. అంగుళం గొట్టంలో మీటరుకి సుమారు అర లీటరు నీళ్ళు పడతాయి. అంటే రాత్రంతా చల్లబడిన పది లీటర్లు పోతేనే గానీ వెనకాల వెచ్చనివి రావు. ఆ గొట్టం కూడా వేడెక్కాలి కాబట్టి నా బకెట్టులో లెక్క పన్నెండు లీటర్లకి తేలింది. వారం రోజులు కొలిచాను, ఒక లీటరు అటూ ఇటూ. వెంటవెంటనే స్నానాలు చేస్తే ఒక్కసారి పారబోస్తే చాలు. కానీ అప్ప ఆరింటికి, నేను ఏడింటికి, తమ్ముడు వాడికి తోచినప్పుడు. రోజుకి రెండుసార్లే అనుకున్నా ఇరవై నాలుగు లీటర్లు, నెలకి ఏడు వందలకి పైన. ఇది ఒక్క వాటా లెక్క.

2024 మార్చి గుర్తుందా? బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం బిందెలు వరసపెట్టిన రోజులు. తాగే నీళ్ళతో కారు కడిగితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. కారు కడిగితే వీధిలో అందరికీ కనిపిస్తుంది. బచ్చలింట్లో ఉడుకు కోసం పారబోసిన నీళ్ళు ఎవరికి కనిపిస్తాయి? పైగా అవి ఊరికే వచ్చిన నీళ్ళా? కావేరిని తొరెకాడనహళ్ళి నుంచి సుమారు వంద కిలోమీటర్లు, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకి, పంపుల మీద పంపులు పెట్టి ఎక్కిస్తే వచ్చినవి. సోలార్‌తో మిగిల్చామనుకున్న కరెంటులో కొంత ఇలా మోరీలో పోతోంది.

ఇంకో సంగతి. ట్యాంకులో ఉడుకు ముందు లేచినవాళ్ళది. పై వాటాలవాళ్ళకి గొట్టం దగ్గర, మాకు దూరం. మా ఇంట్లో అయితే అందరికీ ఆఖరు అమ్మ. వంట, డబ్బాలు, పూజ సామాను తోమడం అన్నీ అయ్యి ఆమె బచ్చలింట్లోకి వెళ్ళేసరికి తొమ్మిది. అప్పటికి ట్యాంకులో ఉన్నవి గోరువెచ్చని నీళ్ళు. పొద్దుటి ఎండకి మళ్ళీ కాగేసరికి మధ్యాహ్నమవుతుంది. "నాకు అలవాటే లేవే" అంటుంది. ఊళ్ళో అవ్వ కూడా అంతే, నీళ్ళ కాగు కింద పుల్లలు ఎగదోసేది తను, అడుగున మిగిలిన చెంబెడుతో పోసుకునేది తను. పొయ్యి పోయి సోలార్ వచ్చింది కానీ వరసలో చోటు మారలేదు.

మరి గీజర్ వేసుకోవచ్చు కదా అంటారు. పదిహేను లీటర్ల గీజర్ ఇరవై రెండు డిగ్రీల నీళ్ళని అరవైకి తేవాలంటే యూనిట్‌లో మూడింట రెండు వంతులు తింటుంది. నలుగురికి రోజుకి నాలుగుసార్లు అంటే నెలకి ఎనభై యూనిట్లు. 2023 ఆగస్టు నుంచి గృహజ్యోతి కింద మాకు కరెంటు బిల్లు సున్నా వస్తోంది. మన పాత సగటు వాడకానికి పది శాతం కలిపి అంతవరకే ఉచితం, ఆ పైన వాడినదానికి డబ్బు కట్టాలి. మొత్తం 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లంతా మనదే. అందుకే మా గీజర్ స్విచ్చి మీద అప్ప ఒక కాగితం అంటించారు. ఏం రాశారో ఇక్కడ రాయను.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఉడుకు నీళ్ళని మూడంతస్తులు దింపే బదులు ఎండనే వైరులో దింపొచ్చు. మేడ మీద కరెంటు పుట్టించే సోలార్ ప్యానెళ్ళు, కింద బచ్చలింట్లోనే ఒక ట్యాంకు, దాంట్లో కాయిల్, మధ్యలో ఒక పవర్ కంట్రోలర్. వైరులో చల్లబడేదేమీ లేదు, పారబోసేదీ లేదు. కొళాయి తిప్పితే పక్కనున్న ట్యాంకులోంచి వెంటనే ఉడుకే. ట్యాంకు ఎవరి వాటాలో ఉంటే నీళ్ళు ఆ వాటావి.

నేను ఆర్ట్స్ అమ్మాయిని, అయినా ఆ కంట్రోలర్ ఎందుకో అర్థం చేసుకోవడానికి కొంచెం కష్టపడ్డాను. ప్యానెల్‌ని నేరుగా కాయిల్‌కి కలిపేస్తే సరిపోదా? మిట్టమధ్యాహ్నం ఎండకి సరిగ్గా కుదిరే కాయిల్ పెట్టామనుకోండి. మబ్బు పట్టి ఎండ సగమైతే కరెంటు కూడా సగమవుతుంది. కానీ కాయిల్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. సగంలో సగం, అంటే పావు వంతు. ప్యానెల్ సగం ఇవ్వగలిగినా మనం పావే తీసుకుంటాం. కంట్రోలర్ పని ఈ తేడా పూడ్చడం. ప్యానెల్ ఏ వోల్టేజి దగ్గర ఎక్కువ ఇస్తుందో నిమిషనిమిషం వెతుక్కుంటూ, దాన్ని కాయిల్‌కి సరిపడేలా మార్చి పంపుతుంది. మన మబ్బుల ఊరికి ఇది లేకుండా ఈ పద్ధతి దండగ. ఇంగ్లండులో వాడే కంట్రోలర్లు ఇంకో రకం. ఇంట్లో వాడగా మిగిలి బయటి లైనుకి పోబోయే సోలార్ కరెంటుని కనిపెట్టి, సరిగ్గా అంతే గీజర్‌లోకి మళ్ళిస్తాయి.

ఒక జాగ్రత్త. ప్యానెల్ నుంచి వచ్చేది డీసీ. మామూలు గీజర్ థర్మోస్టాట్ ఏసీకి చేసినది. డీసీని తెంచబోతే నిప్పురవ్వ ఆరకుండా నిలిచిపోయి థర్మోస్టాట్ కాలిపోవచ్చు, లేదా అతుక్కుపోయి నీళ్ళు మరుగుతూనే ఉండొచ్చు. కాబట్టి పాత గీజర్‌కి ప్యానెల్ వైర్లు చుట్టేసే ప్రయోగాలు ఎవరూ చేయొద్దు, ముఖ్యంగా నా తమ్ముడులాంటివాళ్ళు. తెలిసిన ఎలక్ట్రీషియన్, సరైన ఎర్తింగ్ ఉండాల్సిందే.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే, దాచను. గాజు గొట్టాల హీటర్ ఎండలో సగానికి పైనే వేడిగా మారుస్తుంది. ప్యానెల్ కరెంటుగా మార్చేది ఇరవై శాతం చిల్లర. రోజుకి వంద లీటర్లు కాచడానికి పాత పద్ధతికి రెండు చదరపు మీటర్లు చాలు, ప్యానెళ్ళకి ఐదు కావాలి. ఖర్చూ ఎక్కువే. ఎస్.జె.పి. రోడ్డులో ఒక అంగడి ఆయన్ని అడిగితే, నా కన్నడ వినగానే తెలుగులోకి మారి, "ఏమ్మా, ఇది కాలేజీ ప్రాజెక్టా?" అన్నాడు. ఇంటికోసం అంటే నమ్మలేదు. సొంత ఇల్లుండి, బచ్చలిల్లు ట్యాంకు కిందే ఉన్నవాళ్ళు గాజు గొట్టాలే ఉంచుకోండి, నేనైనా అదే చేస్తాను. కానీ బెంగళూరులో ఎన్ని ఇళ్ళు అలా ఉన్నాయి? మేడ ఓనరుది, కింద మూడు నాలుగు వాటాలు అద్దెవి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, అదీ సొంత కప్పు ఉన్నవాళ్ళకే. ఎండ అందరిదే, మేడ మాత్రం కాదు.

కాబట్టి రూల్‌లో "సోలార్ వాటర్ హీటర్" అన్నచోట మేడ మీద పీపా ఒక్కటే కాకుండా, ప్యానెల్, కంట్రోలర్, వాటాకొక ట్యాంకు కూడా లెక్కలోకి రావాలి. ట్యాంకు ఉందా లేదా అని చూసి ఊరుకోకుండా, ఆఖరి కొళాయికి ఉడుకు రావడానికి ఎన్ని లీటర్లు పారబోయాలో కొలవాలి. కొత్తగా కట్టే ఇళ్ళలో ఇది కష్టమేమీ కాదు. మాలాంటి పాత ఇళ్ళలో కనీసం గొట్టానికి వేడి పోకుండా పైన తొడుగైనా వేయించొచ్చు. మా ఓనర్ ఆంటీని అడిగాను. "చూద్దాం పుట్టా, దసరా అయిపోనీ" అన్నారు. ఏ దసరా అన్నది చెప్పలేదు.

ప్రస్తుతానికి ఆ పన్నెండు లీటర్లూ బకెట్టులో పడుతున్నాయి. అమ్మ వాటితో గిన్నెలు తోముతోంది. ఆదివారాలు మాత్రం మొదటి స్నానం అమ్మది అని నేనూ తమ్ముడూ ఒప్పందం చేసుకున్నాం. మూడు వారాలు నిలబడింది, నాలుగో వారం వాడు క్రికెట్‌కని ముందే దూరాడు.

ఈ గోడపత్రిక కింద ఒక తెల్ల కాగితం అంటించాను, దారంతో పెన్ను కూడా కట్టాను. హాస్టల్ వాళ్ళూ, పీజీల్లో ఉన్నవాళ్ళూ, మేడమ్‌లూ, రేపు పొద్దున ఒక్కసారి బకెట్టు పెట్టి కొలిచి మీ అంతస్తు, లీటర్లు రాయండి. పేరు అక్కర్లేదు. మొదటి వరసలో మాదే రాశాను: కింది వాటా, 12.

– బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని