దరఖాస్తు ఎవరు నింపాలి?



పోయిన నెల ఖమ్మం వైపు పల్లె నుండి ఒక తండ్రి మాకు ఉత్తరం రాశారు. రెండెకరాల పొలం, ఒక బోరు, ముగ్గురు పిల్లలు. పెద్దవాడు సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. "పై చదువుకు పంపమని అందరూ అంటున్నారు. ఒక ఏజెంటు ఇంటికి వచ్చి, దరఖాస్తులన్నీ మేమే నింపుతాము, అబ్బాయి సంతకం పెడితే చాలు, అమెరికాలో సీటు ఖాయం అన్నాడు. ముందుగా లక్షన్నర కట్టమంటున్నాడు. పొలం కాగితాలు కూడా సిద్ధంగా ఉంచుకోమన్నాడు. కట్టమంటారా?" అని అడిగారు. చివర ఇంకొక మాట రాశారు. "ఆ ఫారాల్లో ఏముంటుందో నాకు తెలియదు. మావాణ్ణి అడిగితే వాడికీ తెలియదంటున్నాడు."

ఆ చివరి మాట చదివి మేము చాలాసేపు ఊరుకుండిపోయాం. మిగతా అంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

మేము నల్లకుంటలో కాపురం పెట్టి చాలా ఏళ్లయింది. ఫీవరాసుపత్రి పేరు చెబితే మా పేట అందరికీ తెలుస్తుంది. చదువుకునే పిల్లలకు మాత్రం ఇది చుక్కా రామయ్యగారి నల్లకుంట. ఆయన ఐ.ఐ.టి. శిక్షణ ఇక్కడే పేరు తెచ్చుకుంది. అందులో చేరడానికే ఒక ప్రవేశ పరీక్ష, ఆ పరీక్షకు మళ్లీ శిక్షణ! అంత పోటీ ఉండేది. ఇటు విద్యానగర్ దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1918లో విశ్వవిద్యాలయం, 1929లో దాని ఇంజనీరింగ్ కళాశాల మొదలయ్యాయి. క్యాంపస్ అవతలి వైపు తార్నాక. ఈ మధ్యనున్న వీధుల్లో అద్దె గదులకు కొదవ లేదు. ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు పిల్లలు. జిల్లాల నుండి వచ్చినవాళ్లే ఎక్కువ. ఆదివారం ఆరాధన అయ్యాక వారిలో కొందరు మా ఇంటికి భోజనానికి వస్తారు. పై చదువుల దరఖాస్తుల గురించి మాకు తెలిసినదంతా ఆ పిల్లల దగ్గర నేర్చుకున్నదే. కొంత మా ఇంట్లో జరిగిన నష్టం వల్ల నేర్చుకున్నాం.

ఆ నష్టం ముందు చెబుతాం. మా దగ్గర బంధువుల అబ్బాయి గేట్ పరీక్ష రాశాడు. మంచి స్కోరే వచ్చింది. ఇంట్లో అందరం సంతోషించాం, మిఠాయిలు పంచాం. ఎంసెట్ లాగా ర్యాంకును బట్టి పిలుపు వస్తుందనుకుని వాడూ మేమూ ఎదురు చూశాం. ఏ పిలుపూ రాలేదు. మే నెలలో ఎవరో చెబితే అప్పుడు తెలిసింది. గేట్ రాయడం వేరు, సీటుకు దరఖాస్తు పెట్టడం వేరు. అప్పటికే ఐ.ఐ.టి.ల గడువులు దాటిపోయాయి. ఒక సంవత్సరం పోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, మా తెలియనితనమే.

కనుక తల్లిదండ్రులు కూడా దీనిని ఒకసారి నిదానంగా చదవాలని మా విన్నపం. గేట్ అనేది దేశమంతటికీ ఒకటే పరీక్ష. బెంగళూరు ఐ.ఐ.ఎస్.సి., ఏడు పాత ఐ.ఐ.టి.లు వంతులవారీగా నడుపుతాయి. ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో దరఖాస్తు, ఫిబ్రవరిలో పరీక్ష, మార్చిలో ఫలితాలు. 2026 పరీక్షకు గడువులోపు రుసుము 2000 రూపాయలు పెట్టారు. ఆడపిల్లలకు, ఎస్.సి., ఎస్.టి., వికలాంగ విద్యార్థులకు 1000. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఒకే జవాబు ఎంచుకునే ప్రశ్నల్లో తప్పు పెడితే మార్కులో మూడో వంతు పోతుంది, రెండు మార్కుల ప్రశ్న అయితే మూడింట రెండు వంతులు పోతుంది. లెక్క చేసి అంకె వేయవలసిన ప్రశ్నల్లో తప్పుకు కోత లేదు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మూడో సంవత్సరంలో ఉన్న పిల్లలు కూడా రాయవచ్చు. ఆ వయసులో ఒకసారి రాసి చూసుకోవడం మంచిదని మా అభిప్రాయం.

ఇక సీటు సంగతి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కొక్క ఐ.ఐ.టి.కి విడివిడిగా దరఖాస్తు పెట్టాలి. కొన్ని చోట్ల ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ఆ సీట్ల కబురంతా కోప్ అనే ఒకే ద్వారం గుండా వస్తుంది. అక్కడ కూడా పేరు నమోదు చేసుకోవాలి. వచ్చిన సీటును ఖాయం చేసుకోవచ్చు, చేతిలో ఉంచుకుని మరో దానికి చూడవచ్చు, వద్దనవచ్చు. వరంగల్ వంటి ఎన్.ఐ.టి.లకు సి.సి.ఎం.టి. అనే వేరే కౌన్సెలింగు. మన రెండు రాష్ట్రాల కళాశాలలకు పి.జి.ఇ.సెట్ పేరుతో వేరే పరీక్ష, వేరే కౌన్సెలింగు. అందులో కూడా గేట్ అర్హత ఉన్నవారికే ముందు అవకాశం. ఇన్ని తలుపులు ఉన్నాయి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క తేదీ. మా బంధువుల అబ్బాయి రెండో ఏడు ఈ తేదీలన్నీ గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసుకున్నాడు. ఆ క్యాలెండరు ముందు వాళ్లమ్మ రోజూ నిలబడి చూసేది. ఆమె నాలుగో తరగతి చదివింది. అయినా ఏ తేదీ దగ్గర పడిందో వాడికంటే ముందు ఆమే చెప్పేది.

గేట్ అర్హతతో ఎం.టెక్. చేరిన వారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఉంది. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.ల్లోనూ, ఏ.ఐ.సి.టి.ఇ. గుర్తింపు ఉన్న కళాశాలల్లోనూ ఈ నియమం నడుస్తోంది. రెండేళ్లకు లెక్కవేసుకుంటే ఎంతవుతుందో పల్లెలో కూర్చున్న తండ్రికి మేము చెప్పనక్కరలేదు. ఏజెంటు ఈ మాట ఎందుకు చెప్పడో కూడా చెప్పనక్కరలేదు. ఇందులో అతనికి దక్కేదేమీ లేదు.

మన సంఘాల వారికి ఫారంలో కులం గడి ఒక్కటి ప్రత్యేకంగా చెప్పాలి. చాలామందికి మనసు నొచ్చే విషయమే, అయినా దాచకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకే. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవ్యంలోకి వచ్చినవారికి, వారి సంతానానికి మన రాష్ట్రాల్లో బి.సి.-సి కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఇది న్యాయమా అనే వాదన ఏళ్ల తరబడి సాగుతోంది. 2022లో కేంద్రం దీని మీద జస్టిస్ బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కమిషన్ వేసింది. కానీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసం ఆచరిస్తూ ఎస్.సి. ధ్రువపత్రం కోరడం చెల్లదని తీర్పు చెప్పింది. కనుక మీ బిడ్డ ఫారంలో ఈ గడి ఏజెంటు చేతికి వదలకండి. రుసుము తగ్గుతుందని అతను ఏదో ఒకటి నింపేస్తాడు. ధ్రువపత్రాలు పరిశీలించే రోజున నిలబడవలసింది మీ బిడ్డ. ఇంకొకటి. కేంద్ర సంస్థలకు కావలసిన ఓ.బి.సి. పత్రం నమూనా వేరు, రాష్ట్రం ఇచ్చేది వేరు. క్రీమీలేయర్ పరిమితి 8 లక్షల ఆదాయం. ఆ లెక్కలో జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరు. ఈ సంగతి తెలియక అర్హత ఉన్నా ఊరుకున్న రైతు కుటుంబాలు ఉన్నాయి.

ఇప్పుడు అమెరికా మాట. ఎం.ఎస్.కు వెళ్లడం తప్పని మేము అనము. మన తెలుగు పిల్లలు వేల సంఖ్యలో వెళ్లారు, వృద్ధిలోకి వచ్చారు. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. పరదేశ విద్యార్థుల్లో ఆ ఏడు మనవాళ్లే మొదటి స్థానం. మా బెంగ అంతా దరఖాస్తులు తయారయ్యే తీరు గురించి.

రెండేళ్ల క్రితం ఎలక్ట్రికల్ చదివిన ఒక అబ్బాయి మా ఇంటికి కాగితాలు తెచ్చాడు. అమెరికా విశ్వవిద్యాలయాలు అడిగే మొదటి కాగితం, ఈ చదువు నేను ఎందుకు కోరుకుంటున్నాను అని విద్యార్థి స్వయంగా రాసుకునే రెండు పేజీల వ్యాసం. దానిని కన్సల్టెన్సీ వారే రాసిచ్చారు. చక్కని ఇంగ్లీషు. చిన్ననాటి నుండి యంత్రాలంటే ఎంత ఆసక్తో వర్ణించారు. అదే ఆదివారం వచ్చిన మరో అబ్బాయి దానిని చూసి నవ్వాడు. అతని దగ్గర కూడా అదే వ్యాసం ఉంది, ఎలక్ట్రికల్ అన్న చోట మెకానికల్ అని ఉంది, అంతే తేడా. అధ్యాపకుల సిఫారసు లేఖలు మూడూ వారే రాశారు. అధ్యాపకులు సంతకం చేయడమే మిగిలింది.

"నువ్వు నిజంగా ఏం చేశావు బాబూ?" అని అడిగాం. తల దించుకున్నాడు. చివరి ఏడు ప్రాజెక్టు కొనుక్కున్నదేనని ఒప్పుకున్నాడు. చాలాసేపటికి ఒక సంగతి చెప్పాడు. ఒక ఎండాకాలం వాళ్ల బోరు మోటారు రెండుసార్లు కాలిపోయింది. కరెంటు సరిగా రావడం లేదంటే లైన్‌మన్ నమ్మలేదు. అప్పుడు వాడు కళాశాల నుండి మీటరు అడిగి తెచ్చుకుని, నెల రోజులు పొలం దగ్గర కూర్చుని గంట గంటకు వోల్టేజి నోటుబుక్కులో రాశాడు. 415 వోల్టులు ఉండవలసిన చోట కొన్ని వేళల్లో 340 కూడా లేదట. వోల్టేజి తగ్గితే మోటారు అంత బరువునూ లాగడానికి కరెంటు ఎక్కువ తీసుకుంటుంది, చుట్ట వేడెక్కి కాలిపోతుంది అని మాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆ చెప్పేటప్పుడు వాడి ముఖం చూడాలి. "ఇది రాయవచ్చా అయ్యగారూ? ఇది చదువు కిందికి వస్తుందా?" అన్నాడు.

తార్నాకలో ఉంటున్న వాళ్ల ల్యాబ్ అధ్యాపకుని ఇంటికి వాణ్ణి తీసుకుని వెళ్లాం. ఆయన విభాగాధిపతి కాదు, పెద్ద పేరున్నవాడు కాదు. కానీ మీటరు ఇచ్చింది ఆయనే. నోటుబుక్కు పేజీలన్నీ తిప్పి చూసి, "ఇది ముందే ఎందుకు చూపించలేదురా?" అని మందలించి, లేఖ తానే రాస్తానన్నాడు. వ్యాసం వాడే రాసుకున్నాడు. పది రోజులు పట్టింది. ఇంగ్లీషులో తప్పులు ఒక సహోదరి దిద్దింది. కన్సల్టెన్సీ వ్యాసమంత సొగసుగా లేదు. చదివితే వాడే మాట్లాడుతున్నట్టుంది.

వాడికి రెండు చోట్ల ప్రవేశం వచ్చింది. ఆర్థిక సహాయం రాలేదు. ఎం.ఎస్.కు మొదటి ఏడు సహాయం దొరకడం అరుదు, పిహెచ్.డి.కి అయితే తరచుగా దొరుకుతుంది. పొలం తాకట్టు పెట్టాలా అని తండ్రీకొడుకులు వారం రోజులు మాట్లాడుకున్నారు. ఈలోగా గేట్ స్కోరు మీద వరంగల్ ఎన్.ఐ.టి.లో సీటు వచ్చింది, అక్కడ చేరాడు. అమెరికా ఆశ వదులుకోలేదంటాడు. పిహెచ్.డి.కి పెడతానంటున్నాడు.

సంతకం మాత్రమే పెట్టిన దరఖాస్తుల గతి ఏమైందో కూడా చెప్పాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మీద అధికారులు దాడి చేశారు. వెయ్యికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది మన తెలుగు బిడ్డలే. కాగితాల మీద సగం మంది విద్యార్థులు ఒకే అపార్టుమెంటులో ఉంటున్నట్టు రాసి ఉంది! కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. దానిని నడిపిన ఆమెకు 2014లో 16 ఏళ్లకు పైగా శిక్ష పడింది. ఆ పిల్లల ఏళ్లు, డబ్బు ఎవరు తిరిగి ఇస్తారు? 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ సంగతి ఇంకా విచిత్రం. ఆ విశ్వవిద్యాలయాన్ని వల పన్నడానికి అమెరికా అధికారులే పెట్టారు. పాఠాలు లేవు, అధ్యాపకులు లేరు. వందమందికి పైగా భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. కమిషన్ తీసుకుని పిల్లలను చేర్పించిన వారిలో మన తెలుగువారు ఉన్నారు. ట్రై వ్యాలీకి ఐ-20 ఇచ్చే అనుమతి ఉండేది. కాబట్టి అనుమతి ఉన్నదా అని చూస్తే సరిపోదు. తరగతులు ఏ ఊళ్లో జరుగుతాయి, ఎవరు చెబుతారు, ఇప్పుడు అక్కడ చదువుతున్న ఒక్క విద్యార్థితోనైనా మాట్లాడావా అని బిడ్డను అడగండి. ఆ ప్రశ్నలు అడగడానికి తండ్రికి ఇంగ్లీషు రానక్కరలేదు.

ఖర్చు కూడా ముందే తెలుసుకోవాలి. జి.ఆర్.ఇ. పరీక్షకు వేరే రుసుము. 2020 తర్వాత చాలా చోట్ల అది తప్పనిసరి కాదంటున్నారు, కనుక కట్టే ముందు చూసుకోవాలి. ఒక్కొక్క దరఖాస్తుకు సాధారణంగా 50 నుండి 100 డాలర్లు. తెలంగాణలో అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు విదేశీ విద్య పథకం 2015లో వచ్చింది, తర్వాత సహాయాన్ని 20 లక్షల వరకు పెంచారు. క్రైస్తవులకూ వర్తిస్తుంది. ఆదాయ పరిమితి, మార్కుల నియమం ఉన్నాయి. ఆ ఏటి ప్రకటనను కలెక్టరేటులోని మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో అడిగి చూసుకోవాలి.

ఉత్తరం రాసిన ఆ తండ్రికి మేము జవాబు పంపాం. అయ్యా, లక్షన్నర కట్టకండి, పొలం కాగితాలు పెట్టెలోనే ఉంచండి అని రాశాం. అబ్బాయిని ఒక శనివారం మా ఇంటికి పంపమన్నాం. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగి నల్లకుంట వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కితే చాలు. వచ్చేటప్పుడు మార్కుల మెమోలు, పదో తరగతి సర్టిఫికెట్, కుల, ఆదాయ పత్రాలు, ఏజెంటు ఇచ్చిన ఫారాలు, ఒక ఖాళీ నోటుబుక్కు తెచ్చుకోవాలి. వీలైతే మీరు కూడా రండి అని చివర రాశాం. ఆదివారం ఆరాధనకు వెళ్లి, భోజనం చేసి, సాయంత్రం బస్సుకు బయలుదేరవచ్చు.