మన వొంట్లో నీళ్లకు కులం లేదు, కొలత వుంది

రొద్దం పక్కనే పెన్న పోతుంది. పోతుంది అనడమే గానీ ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ కనిపించేది ఇసుకే. ఆ ఇసుకలో చెలమ తోడుకుని కడవ నింపుకున్న తరాలు మనవి. ఊరి బాయికాడ తాడు మనది కాదు, బొక్కెన మనది కాదు. ఎవరో దయతలిచి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగినోళ్లం. నీళ్ల కాడ మనోళ్లు పడ్డ అవమానాల గురించి చాలా మాట్లాడుకున్నాం, ఇంకా మాట్లాడుకోవాలి. అయితే ఆ నీళ్లు గొంతు దిగినాక వొంట్లో ఏం చేస్తాయో మనకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. బడిలో చెప్పినా మార్కుల కోసం చెప్పినారు. ఎండాకాలంలో గడ్డపార పట్టే మనిషికి అది మార్కుల లెక్క కాదు, ప్రాణం లెక్క.

ఎదిగిన మగమనిషి బరువులో నూటికి 60 పాళ్ల దాకా నీళ్లే. ఆడమనిషిలో 50 దాకా, పుట్టిన బిడ్డలో 75 దాకా. ఈ నీళ్లలో మూడింట రెండొంతులు కణాల లోపల వుంటాయి. మిగిలినవి బయట, నెత్తుట్లో, కణాల సందుల్లో వుంటాయి. లోపలి నీళ్లలో పొటాషియం ఎక్కువ, బయటి నీళ్లలో సోడియం ఎక్కువ. సోడియం అంటే వింత పదార్థమేం కాదు, మనం సంకటిలో వేసుకునే వుప్పులో నూటికి 39 పాళ్లు అదే. ప్రతి కణం గోడలోనూ పంపులున్నాయి. అవి రేయింబవళ్లు మూడు సోడియం బయటికి తోస్తే రెండు పొటాషియం లోపలికి లాక్కుంటాయి. ఈ తేడా నిలబడితేనే నరం కబురు మోస్తుంది, కండ బిగుస్తుంది, గుండె కొట్టుకుంటుంది. నీళ్లలో కరిగి కరెంటు మోసే ఇలాంటి లవణాలనే డాక్టర్లు ఎలక్ట్రోలైట్లు అంటారు.

నెత్తుట్లో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోళ్ల మధ్య వుండాలి. పొటాషియం 3.5 నుంచి 5 దాకా వుండాలి. పెద్దకులపోడి నెత్తురు పరీక్ష చేసినా, మాదిగోడి నెత్తురు పరీక్ష చేసినా ల్యాబు కాగితం మీద ఇవే అంకెలు. మనువు రాసిన తేడా కిడ్నీలకు తెలీదు. ఆ కిడ్నీలు రోజుకు 180 లీటర్ల దాకా వడగట్టి, అందులో వొకటి రెండు లీటర్లు మాత్రమే బయటికి పంపి తక్కిందంతా వెనక్కి తీసుకుంటాయి. నీళ్లు తగ్గితే మెదడు దాహం పుట్టిస్తుంది, వొక హార్మోను వదిలి మూత్రాన్ని చిక్కబరుస్తుంది. వుప్పు తగ్గితే కిడ్నీల మీదుండే గ్రంథులు ఇంకో హార్మోను వదిలి వుప్పు బయటికి పోకుండా పట్టుకుంటాయి. ఇంత పొదుపైన కాపలా ఇంకెక్కడా లేదు. కానీ రాబడి లేని కొట్టుకు కాపలా ఎంతుండీ ఏం లాభం?

మరి తేడా యాడ వస్తుంది? ఎవరి చెమట కారుతుంది అన్నకాడ వస్తుంది. మండే ఎండలో మట్టి తవ్వే మనిషికి గంటకు వొక లీటరు చెమట పోవడం పెద్ద విషయం కాదు. ఆ లీటరుతో, మనిషిని బట్టి హెచ్చుతగ్గులున్నా, సుమారు వొక గ్రాము సోడియం పోతుంది. నీడన ఫ్యాను కింద కూచున్నోడికి ఈ ఖర్చు లేదు. గంటలకొద్దీ చెమటోడ్చి వుత్త నీళ్లే కడవలకొద్దీ తాగితే నెత్తుట్లో వుప్పు పలచబడుతుంది. తల తిరుగుతుంది, వాంతి అవుతుంది. మరీ పలచబడితే మనిషికి తెలివి తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. నీళ్లు తాగినా కళ్లు తిరుగుతున్నాయంటే మేస్త్రీ నాటకం అంటాడు. అది నాటకం కాదు, లెక్క తప్పిన వొళ్లు.

మన అవ్వలకు ఈ లెక్క పుస్తకంలో కాదు, చేతిలో తెలుసు. వుప్పేసిన రాగి అంబలి, గంజి, మజ్జిగ, నంజుకోను ఎర్రగడ్డ. ఇందులో నీళ్లున్నాయి, సోడియం వుంది, పొటాషియం వుంది. కూలోళ్ల కూడని దాన్ని ఎక్కిరించినోళ్లే ఇప్పుడు ఎలక్ట్రోలైట్ డ్రింకులని సీసాలు కొంటున్నారు. మన కష్టం ఇంకొకటి. మజ్జిగ కావాలంటే పాడి వుండాలి, పాడి కావాలంటే మేత వుండాలి, మేత కావాలంటే భూమి వుండాలి. సెంటు భూమి లేనోడికి మజ్జిగ తాగమని సలహా ఇవ్వడం సులువే.

2015 మే నెల ఎండలకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయినారు. పోయినోళ్లలో ఎక్కువమంది ముసలోళ్లు, బయట పనిచేసే కూలీలు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పనికాడ తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె వుండాలని ఆ చట్టంలోనే రాసినారు. రాసింది ఎంత జరిగిందో పనికి పోయినోళ్లు చెప్పాలి. పైగా తవ్విన మట్టి కొలిచి కూలి కట్టేకాడ నీళ్లకని ఆగితే కూలి తగ్గుతుంది. దాహానికీ కూలికీ పోటీ పెట్టిన పని అది.

ఆడోళ్ల సంగతి ఇంకా ఘోరం. చెట్టు చాటు లేదు, మరుగుదొడ్డి లేదు. అందుకని పొద్దన్నించి గుక్కెడు నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా బిగబట్టుకునే అక్కచెల్లెళ్లు ఎంతమందో! మూత్రంలో మంట, రాళ్లు వూరికే రావు. మరుగుదొడ్డి లేకపోవడం మర్యాద సమస్య మాత్రమే కాదు, కిడ్నీల సమస్య.

ఇక పసిబిడ్డల బేదులు. బేదులైతే నీళ్లు తాపగూడదనే మాట మన వాడల్లో ఇప్పటికీ వుంది. అది బిడ్డను చంపే మాట. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయొచ్చిన కాందిశీకుల్లో కలరా చెలరేగింది. బంగావ్‌లో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ వుప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాపించినాడు. నూటికి 30 దాకా వున్న చావులు 4 లోపుకు దిగినాయి. కిటుకు ఏమంటే, పేగు గోడలో గ్లూకోజూ సోడియమూ వొకే తలుపు గుండా జతగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా వుప్పు కలపాలి. చిన్న చెంచా, తలకొట్టి కొలవాలి. వుప్పు ఎక్కువైనా ప్రమాదమే. తల్లిపాలు ఆపగూడదు. బిడ్డ మాడు గుంటపడినా, కళ్లు లోతుకు పోయినా, వుచ్చ ఆగినా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఈ మందు పేరునూ వ్యాపారం వదల్లేదు. చక్కెర నీళ్ల డబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అని అచ్చేసి అమ్మినారు. హైదరాబాదు పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి కొట్లాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశమిచ్చింది. అక్షరం చదవలేని తల్లిని మోసం చేయను అచ్చక్షరాలనే వాడుకున్నారు చూడండి!

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు దోసిట పట్టినాడు. 1985 జులైలో కారంచేడులో మన తాగునీళ్ల చెరువును మురికి చేయొద్దన్న మాటకే పగబట్టి ఆరుగురిని చంపినారు. నీళ్ల మీద హక్కు అంటే చెరువు గట్టు దాకా పోయే హక్కే కాదు. ఆ నీళ్లు వొంట్లో సరిపడా నిలుపుకునే హక్కు కూడా. అందుకే మేము అడుగుతున్నాం: పనికాడ నీళ్లు, నీడ పెట్టండి. ఎండ ముదిరే ఏళకు పని ఆపండి, ఆపిన గంటకు కూలి కట్టండి. ఆడోళ్లకు మరుగు కట్టండి. ప్రతి వాడలో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు వూరికే ఇవ్వండి. ఎండలో పనిచేసిన మనిషి వొళ్లు కాలిపోతూ తిక్కతిక్కగా మాట్లాడితే నోట్లో నీళ్లు పోయొద్దు, నీడకు చేర్చి వొళ్లంతా తడిపి గాలి విసురుతూ 108కు ఫోన్ చేయండి. బీపీ, కిడ్నీ జబ్బు వున్నోళ్లు వుప్పు సంగతి డాక్టర్‌ను అడగండి.

మన చెమటతో చేన్లు తవ్వుకున్నారు, రోడ్లేసుకున్నారు. ఆ చెమటలో పోయిన వుప్పు మనకు బాకీ వున్నారు. బాకీ అడగడం బిచ్చం కాదు.