కప్పు కన్నా కొనసాగింపే మిన్న
మహిళా బాస్కెట్‌బాల్‌ జట్లకు మూడేళ్ల ప్రణాళికే ఆధారం

నరసరావుపేట: డిగ్రీ కళాశాలల్లో విద్యా సంవత్సరం ఆరంభమైన కొద్ది వారాలకే క్రీడా జట్ల ఎంపిక మొదలవుతుంది. పల్నాడు ప్రాంతంలో బాస్కెట్‌బాల్‌ ఎంపికకు వచ్చే విద్యార్థినుల్లో చాలామంది అంతవరకు ఆ బంతిని చేతపట్టి ఎరుగరు. పాఠశాలలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌ ఆడినవారే ఇక్కడ బాస్కెట్‌బాల్‌ క్రీడాకారిణులుగా మారుతున్నారు. అంతర కళాశాలల పోటీలు ముగియగానే సాధన ఆగిపోవడం, మరుసటి ఏడాది కొత్తవారితో మళ్లీ మొదటికి రావడం పరిపాటిగా మారింది. కొత్త సీజన్‌పై పెట్టుకున్న ఆశలు ఫలించాలంటే కప్పు వచ్చిందా, లేదా అన్నది కొలమానం కారాదు. మొదటి ఏడాది చేరిన బాలికల్లో ఎందరు మూడో ఏడాది వరకు కోర్టులో నిలిచారన్నదే లెక్కకు రావాలి.

దగ్గరైన అవకాశం

జిల్లాలోని డిగ్రీ కళాశాలలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. 1976లో ఏర్పడిన ఈ వర్సిటీ ఒకప్పుడు గుంటూరుతోపాటు కృష్ణా, ప్రకాశం జిల్లాలకూ విస్తరించి ఉండేది. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం, 2022లో ఒంగోలు కేంద్రంగా ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడటంతో పోటీ పరిధి కుదించుకుపోయింది. బాస్కెట్‌బాల్‌ జట్టులో 12 మందికి చోటుంటుంది. గతంతో పోలిస్తే ఆ 12 స్థానాల కోసం బరిలో ఉండే కళాశాలల సంఖ్య తగ్గింది. వర్సిటీ జట్టులో చోటు దక్కితే దక్షిణ మండల అంతర విశ్వవిద్యాలయ పోటీలకు దారి తెరుచుకుంటుంది. ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో నిర్ణయించింది. గ్రామీణ కుటుంబాలకు పతకం కన్నా ఆ ధ్రువపత్రమే పెద్ద భరోసా.

సాధనకు సమయమేదీ?

ఆటంకాలకు కొదవ లేదు. 2023 డిసెంబరు 26న గుంటూరు సమీపంలోని నల్లపాడులో ప్రారంభమైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల్లో క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కు చోటు లభించింది. బాస్కెట్‌బాల్‌కు మాత్రం దక్కలేదు. పల్లెల్లో ఈ ఆటకు పునాది ఎందుకు పడటం లేదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. వాలీబాల్‌కు రెండు గుంజలు, ఒక వల ఉంటే సరిపోతుంది. బాస్కెట్‌బాల్‌కు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల గట్టి నేల, 3.05 మీటర్ల ఎత్తున రింగులు ఉండే బోర్డులు కావాలి. ఉన్నత పాఠశాలలన్నిటికీ అది సాధ్యమయ్యే ఖర్చు కాదు.

కళాశాలలో చేరాక సమయం మరో సమస్యగా మారుతోంది. సెమిస్టర్‌ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు వస్తున్నాయి. 2020-21 నుంచి అమలైన డిగ్రీ విధానంలో మొదటి ఏడాది వేసవికి సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది వేసవికి ఇంటర్న్‌షిప్‌ వచ్చి చేరాయి. ఒకప్పుడు శిక్షణ శిబిరాలకు అక్కరకొచ్చిన సెలవులు వాటికే సరిపోతున్నాయి. పైగా రాష్ట్రంలోనే ఎండల తీవ్రతకు పేరుపడిన రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. వేసవిలో తెల్లవారుజామున తప్ప సిమెంటు కోర్టుపై కాలు మోపలేని పరిస్థితి.

సాయంత్రం సాధన చేద్దామంటే ఊరికి వెళ్లే బస్సు దాటిపోతుందన్న భయం వెంటాడుతుంది. జిల్లా కేంద్రంలో ఉమ్మడి శిబిరం పెట్టినా దూరం తప్పదు. మాచర్ల, గురజాల ఒక రైలు మార్గంలో, నరసరావుపేట మరో మార్గంలో ఉన్నాయి. బస్సే శరణ్యం. వీటన్నిటికీ తోడు డిగ్రీ పూర్తికాకముందే పెళ్లి సంబంధాలు చూసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆట పక్వానికి వచ్చే మూడో ఏడాదిలోనే క్రీడాకారిణి కోర్టుకు దూరమవుతోంది.

భిలాయి చూపిన బాట

పేదరికం, పల్లెటూరు ఈ ఆటకు అడ్డు కావని ఛత్తీస్‌గఢ్‌ నిరూపించింది. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూ శిక్షకుడిగా పేరొందిన రాజేశ్‌ పటేల్‌ సామాన్య కుటుంబాల బాలికలను చిన్న వయసులోనే చేరదీశారు. వసతి కల్పించి ఏళ్ల తరబడి తీర్చిదిద్దారు. ఆయన 2018లో కన్నుమూశారు. ఆ శిక్షణలో ఎదిగినవారు జాతీయ స్థాయిలో పతకాలు సాధించారు, భారత జట్టుకూ ఆడారు. అక్కడ ఫలితమిచ్చింది ఏడాది పొడవునా ఆగని సాధన. భారత మహిళల జట్టు 2017లో బెంగళూరులో కజకిస్థాన్‌ను 75-73తో ఓడించి ఆసియా కప్‌ ‘బి’ డివిజన్‌ టైటిల్‌ గెలుచుకుంది. రెండు పాయింట్ల తేడా అంటే రెండు ఫ్రీ త్రోలు. ఫ్రీ త్రోకు ఎత్తుతో పనిలేదు, వేగంతో పనిలేదు. రోజూ వంద బంతులు వేసే ఓపిక ఉంటే చాలు. ఆలస్యంగా ఆట నేర్చిన పల్లె బాలిక త్వరగా పట్టు సాధించగల అంశమిదే.

ఏ ఏడాదికి ఏ పాఠం

ఖోఖో నుంచి వచ్చిన బాలికకు పాదాల చురుకుదనం, చటుక్కున దిశ మార్చే నేర్పు ఉంటాయి. ఆమెను గార్డుగా మలచవచ్చు. వాలీబాల్‌ క్రీడాకారిణికి ఎగిరే అలవాటు ఉంటుంది కనుక రీబౌండ్లకు ఆమె ఆసరా. కబడ్డీ నుంచి వచ్చినవారు శరీర స్పర్శకు జంకరు, రక్షణలో రాణిస్తారు. మొదటి ఏడాది రెండు చేతులా డ్రిబ్లింగ్, లే-అప్, రెండో ఏడాది పాసింగ్, రక్షణ వ్యూహాలు, మూడో ఏడాది కొత్తవారిని నడిపించే బాధ్యత అప్పగిస్తే జట్టు ఏటా కూలి లేచే దుస్థితి తప్పుతుంది.

పూర్తి కోర్టు లేని కళాశాలలకు ముగ్గురు ఆడే పోటీ మంచి మార్గం. దీనికి అర కోర్టు, ఒకే బోర్డు, అదనపు క్రీడాకారిణితో కలిపి నలుగురు ఉంటే సరిపోతుంది. ఆట 10 నిమిషాలే. 21 పాయింట్లు ముందుగా చేరినవారిదే గెలుపు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ విభాగానికి తొలిసారి చోటు దక్కింది. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, వినుకొండ కళాశాలలు నెలకోసారి ఇలా తలపడినా ఏడాది పొడవునా ఆట సజీవంగా ఉంటుంది.

ఆరోగ్యమే పెట్టుబడి

రాష్ట్రంలో సగానికి మించి మహిళలు రక్తహీనతతో బాధపడుతున్నట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వెల్లడించింది. 40 నిమిషాలు పరుగెత్తాల్సిన ఆటలో త్వరగా అలసిపోయే బాలికకు నైపుణ్యం లేదని తేల్చే ముందు హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించాలి. సాధన తర్వాత ఉడికించిన గుడ్డు, వేరుశనగ చిక్కీ అందించడం కళాశాలలకు మోయలేని భారం కాదు. మోకాలి స్నాయువు గాయాలు పురుషుల కన్నా మహిళా క్రీడాకారిణులకే అధికమని క్రీడా వైద్యులు చెబుతారు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు వంచి నేలను తాకడం తొలి వారం నుంచే నేర్పాలి.

యాజమాన్యాలు బస్సు వేళలకు తగ్గట్టు ఉదయపు సాధనకు వీలు కల్పించాలి. పోటీలకు వెళ్లిన రోజుల హాజరుపై స్పష్టత ఇవ్వాలి. వ్యాయామ అధ్యాపకులు తల్లిదండ్రులతో మొదటి ఏడాదిలోనే మాట్లాడాలి. ఇవేవీ కోట్లతో ముడిపడిన పనులు కావు. పోటీలు ముగిసిన మరుసటి ఉదయం కూడా కోర్టులో బంతి చప్పుడు వినిపిస్తే ఆ జట్టుకు రాబోయే సీజన్‌ అప్పుడే మొదలైనట్లు లెక్క.